పాత పాఠాన్ని మెదడు చెరిపేస్తుందా, అణచిపెడుతుందా? జంతువులలో అవధానం, అభ్యసనాలపై చర్చ

గోదారిగట్టు:

జంతు ప్రవర్తన పాఠ్యపుస్తకాలలో అవధానానికి, అంటే దృష్టి నిలపడానికి, ఒక అధ్యాయం, అభ్యసనానికి, అంటే నేర్చుకోవడానికి, మరొక అధ్యాయం ఉంటాయి. డిగ్రీ విద్యార్థులకు ఈ రెండింటినీ కలిపి చెప్పవలసి వచ్చినప్పుడు ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాను. ఎర్ర గుర్తును ఎంచుకుంటే మేత దొరుకుతుందని నేర్చుకున్న జంతువుకు, ఒకనాటి నుంచి నీలం గుర్తు దగ్గరే మేత పెడుతూ పోతే, కొంతసేపు తప్పులు చేసి చివరికి నీలానికి మారుతుంది. అలా మారాక పాత పాఠం మెదడులో చెరిగిపోయినట్టా, లేక ఉండి కూడా పనిచేయకుండా అణగి ఉన్నట్టా? ఆ మార్పు రావాలంటే జంతువు దానిమీద దృష్టి నిలిపి తీరాలా, లేక ఊరికే అనుభవంలోకి వస్తే చాలా? మనుషుల సంగతి పక్కన పెట్టి, జంతువుల మెదళ్లలో నేరుగా కొలిచి చూసిన ప్రయోగాల ఆధారంగా చెప్పగలిగినవారు చెబితే సంతోషిస్తాను.

రాత్రిపిట్ట:

మీ మొదటి ప్రశ్నకు చాలా స్పష్టమైన జవాబు కోతుల దగ్గర కాక గుడ్లగూబల దగ్గర దొరికిందని నా అభిప్రాయం. మన పాత గుళ్ల గోపురాల్లోనూ పాడుబడ్డ బంగళాల్లోనూ కాపురముండే, హృదయాకారపు తెల్లని ముఖం గల బార్న్ గుడ్లగూబను చూసే ఉంటారు. అది చిమ్మచీకటిలో కూడా చప్పుడును బట్టి ఎలుకను పట్టగలదు. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందుగా, రెండో చెవికి కొన్ని మైక్రోసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడానుబట్టి శబ్దం ఎంత కుడికో ఎంత ఎడమకో ఉందని దాని మెదడు లెక్కకడుతుంది. మధ్యమెదడులో ఈ దిశలన్నిటికీ ఒక పటం ఉన్నదని, అంటే పక్కపక్కన ఉన్న నాడీకణాలు పక్కపక్కన ఉన్న దిశలకు స్పందిస్తాయని, 1978లో ఎరిక్ నూడ్‌సెన్, మాసకాజు కోనిషి చూపించారు.

తరువాత నూడ్‌సెన్ స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పని మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. గుడ్లగూబ కనుగుడ్లు గూళ్లలో దాదాపు కదలవు, చూపు మళ్లించాలంటే తల తిప్పవలసిందే. అటువంటి పక్షి కళ్లముందు పట్టకాలు బిగిస్తే లోకమంతా 23 డిగ్రీలు ఒక పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. చెవి ఒకచోట ఉందని చెప్పిన వస్తువును కన్ను మరోచోట చూపిస్తుంది. చీకటి గదిలో ఒక స్పీకరు మోగించి పక్షి తల ఎటు తిప్పిందో కొలుస్తారు. మొదటి రోజుల్లో అది శబ్దం వచ్చిన వైపుకే సరిగ్గా తిరుగుతుంది. వారాలు గడిచేకొద్దీ, చిన్న వయసు పక్షి అయితే, శబ్దం విన్నప్పుడు కూడా పట్టకం చూపించే వైపుకే తల తిప్పడం మొదలుపెడుతుంది. పట్టకాలు తీసేసిన రోజున ఆ తప్పు అలాగే మిగిలి ఉంటుంది, మళ్లీ సర్దుకోవడానికి సమయం పడుతుంది. అంటే చూపు చెవికి పాఠం చెప్పింది, మెదడులోని శబ్దపటమే జరిగింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పటం జరిగిన చోట కొత్త నాడీతంతువులు మొలిచాయి, కాని పాతవి ఊడిపోలేదు. మెదడులో నాడీకణాలను శాంతింపజేసే రసాయనం గాబా. 1999లో జెంగ్, నూడ్‌సెన్ ఆ కేంద్రంలో గాబా పనిని మందుతో అడ్డుకోగా, అప్పటిదాకా మూగబోయి ఉన్న పాత దిశల స్పందనలు తిరిగి బయటపడ్డాయి. పలక తుడిచి కొత్తగా రాయడం వంటిది కాదన్నమాట. పాత రాత అలాగే ఉంది, దానిమీద నిరోధం ఒక తెర కప్పింది. చిన్నతనంలో పట్టకాలతో పెరిగి, తరువాత వాటిని తీసేసి మామూలుగా బతికిన పక్షులకు పెద్దయ్యాక మళ్లీ అవే పట్టకాలు పెడితే అవి త్వరగా సర్దుకున్నాయి; ఆ అనుభవం లేని పెద్ద పక్షులు అలా సర్దుకోలేకపోయాయి. చిన్నతనపు తంతువుల జాడ పెద్ద పక్షుల మెదడులో కనిపించిందని 2005లో వచ్చిన పత్రం చెబుతుంది. కాబట్టి, గోదారిగట్టు గారూ, ఈ ఒక్క వ్యవస్థ వరకు మీ మొదటి ప్రశ్నకు జవాబు నిస్సందేహంగా 'అణచిపెడుతుంది' అనే.

తేనెపట్టు:

రాత్రిపిట్ట గారు చెప్పినది బాగుంది గానీ, అందులో అవధానం ఎక్కడుంది? పట్టకాలు ధరించిన పక్షి ఏ పనీ చేయకుండా పంజరంలో కూర్చున్నా పటం జరుగుతుందని అనిపిస్తోంది. అలాగైతే ప్రశ్నలోని రెండో భాగానికి ఇది ఎలా జవాబు అవుతుంది?

రాత్రిపిట్ట:

చిన్న పక్షుల విషయంలో మీ అనుమానం చాలావరకు సబబే. పెద్ద పక్షుల దగ్గర కథ మారుతుంది, నాకు ఆసక్తి కలిగించేది కూడా అదే.

పెద్ద గుడ్లగూబకు ఒకేసారి 23 డిగ్రీల పట్టకం పెడితే పటం పెద్దగా జరగదు. వయసొచ్చిన మెదడు గట్టిపడిపోయిందని చాలాకాలం అనుకున్నారు. 2002లో లింకెన్‌హోకర్, నూడ్‌సెన్ అవే పట్టకాలను చిన్న చిన్న మెట్లుగా, ముందు 6 డిగ్రీలు, సర్దుకున్నాక 11, తరువాత 17, చివరికి 23 డిగ్రీలుగా పెంచుతూ పోగా, పెద్ద పక్షులు కూడా చెప్పుకోదగినంతగా మారాయి. తప్పు ఎంత పెద్దదైతే అంత బాగా దిద్దుకుంటుందని అనుకోవడానికి లేదు. తప్పు మరీ పెద్దదైతే కొత్త చూపుకూ పాత వినికిడికీ పొత్తే కుదరదు.

2005లో బెర్గన్ బృందం మరో మెలిక పెట్టింది. పెద్ద పక్షులలో కొన్నిటికి చచ్చిన ఎలుకలను మేతగా పడేశారు, మరికొన్నిటిని బతికున్న ఎలుకలను వేటాడనిచ్చారు. రెండింటికీ పట్టకాలు ఒకటే. వేటాడిన పక్షులలో పటం చాలా రెట్లు ఎక్కువగా జరిగింది. వేటంటే కేవలం కదలిక కాదు; చప్పుడు వచ్చిన చోటు మీదనే దృష్టంతా పెట్టి, తప్పితే ఆకలి, దొరికితే కడుపునిండా తిండి అనే స్థితి. అవధానం, ఉద్రేకం, ప్రతిఫలం ఈ మూడింటినీ ఆ ప్రయోగం విడదీయలేదన్నది నిజం. ఆ సంగతి నేనూ ఒప్పుకుంటాను.

అయితే తలుపు ఎక్కడుందో చూపించిన పని మరొకటి ఉంది. మామూలుగా చూస్తే ఆ శబ్దకేంద్రంలోని నాడీకణాలు కంటికి కనిపించే వాటికి స్పందించవు. 2002లో గుట్‌ఫ్రాయిండ్, జెంగ్, నూడ్‌సెన్ చూపును నడిపే పక్క కేంద్రంలో, అంటే ఆప్టిక్ టెక్టమ్‌లో, నిరోధాన్ని తొలగించగానే శబ్దకేంద్రంలో చూపు సంకేతాలు బలంగా కనిపించాయి. పాఠం చెప్పే సంకేతం ఎప్పుడూ పారుతూ ఉండదు, దానికి తలుపు ఉంది, ఆ తలుపుకు నిరోధం గడియ. గడియ తీసేదెవరు అన్న ప్రశ్నకు 2006లో వింకోవ్‌స్కీ, నూడ్‌సెన్ పని దారి చూపుతుంది. ముందుమెదడులో చూపు దిశను నడిపే చిన్న ప్రాంతాన్ని సన్నని విద్యుత్తుతో, తల తిరగనంత తక్కువగా, ప్రేరేపిస్తే టెక్టమ్‌లో అదే దిశకు స్పందించే కణాలు మరింత చురుకయ్యాయి, తక్కిన దిశల కణాలు మందగించాయి. కోతులలో ముందరి వల్కలపు, అంటే మెదడు పైపొర ముందుభాగపు, కంటి ప్రాంతాన్ని అలాగే ప్రేరేపించినప్పుడు దృష్టి వల్కలంలో జరిగినదాన్ని 2003లో మూర్, ఆర్మ్‌స్ట్రాంగ్ చూపించారు, రెండూ అచ్చం ఒకలాగే ఉన్నాయి. పక్షికీ కోతికీ ఉమ్మడి పూర్వీకుడు 30 కోట్ల సంవత్సరాలకు పైగా వెనక ఉన్నాడన్నది తలచుకుంటే ఈ పోలిక చిన్నదేమీ కాదు.

ఎలుకలబోను:

అవధానం మార్చుకోవడాన్నీ నియమం తిరగబడటాన్నీ విడదీసి కొలవాలంటే క్షీరదాల దగ్గరకే రావాలి. ఎలుకలతో బిరెల్, బ్రౌన్ 2000లో ప్రచురించిన పద్ధతి చాలా సులువైనది కాబట్టి వివరంగా చెబుతాను. ఎలుక ముందు రెండు చిన్న మట్టిగిన్నెలు పెడతారు. ఒక్కో గిన్నె నిండా ఒక పదార్థం, ఒకదానిలో రంపపు పొట్టు, ఇంకొకదానిలో కాగితపు తునకలు అనుకుందాం. గిన్నెకు ఒక్కోదానికి ఒక వాసన కూడా పట్టిస్తారు. ఒక గిన్నె అడుగున తీపి తృణధాన్యపు ముక్క దాచి ఉంటుంది, ఎలుక తవ్వి తీసుకోవాలి. మొదట కొన్ని వరుసలలో వాసననుబట్టే మేత దొరుకుతుంది, తవ్వే పదార్థం ఏదైనా ఫరవాలేదు. వాసనలూ పదార్థాలూ ప్రతి దశలో కొత్తవే అయినా, 'వాసన చూడు' అన్న ధోరణి ఎలుకకు అలవడుతుంది. చివరికి ఒక దశలో వాసనకు విలువ పోయి, ఏ పదార్థంలో తవ్వాలన్నదే ముఖ్యమవుతుంది. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు కూడా ఎక్కువ ప్రయత్నాలు పడతాయి. ఎందుకంటే మార్చుకోవలసినది ఏది మంచిది అన్న జవాబు కాదు, ఏ లక్షణాన్ని చూడాలన్న ధోరణి. ముందరి వల్కలపు మధ్యభాగం దెబ్బతిన్న ఎలుకలు ఈ దశలోనే బాగా తడబడ్డాయి. అదే వాసనల మధ్య నియమం తిరగబడ్డప్పుడు మాత్రం మామూలు ఎలుకల్లాగే చేశాయి.

మార్మోసెట్ కోతులలో 1996లో డియాస్, రాబిన్స్, రాబర్ట్స్ ఇంకా స్పష్టమైన విడదీత చూపించారు. ముందరి వల్కలపు పక్కభాగం దెబ్బతిన్న కోతులు ధోరణి మార్చుకోలేకపోయాయి గాని తిరగబడ్డ నియమాన్ని నేర్చుకున్నాయి. కంటిగూడు మీది భాగం, అంటే ఆర్బిటోఫ్రంటల్ వల్కలం, దెబ్బతిన్నవి సరిగ్గా దీనికి వ్యతిరేకంగా ప్రవర్తించాయి. దీన్నిబట్టి అవధానాన్ని మళ్లించడం ఒకచోట, విలువను తిరగరాయడం మరోచోట జరుగుతాయని నేను అనుకుంటున్నాను.

సందేహాలమూట:

ఎలుకలబోను గారూ, ఆర్బిటోఫ్రంటల్ వల్కలం లేకపోతే నియమం తిరగబడ్డప్పుడు జంతువు పాతదాన్నే పట్టుకు వేలాడుతుందన్న మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది, నిజమే. కాని 2013లో రూడ్‌బెక్, ముర్రే తదితరులు మకాక్ కోతులలో ఆ వల్కలపు నాడీకణాలను మాత్రమే మందుతో చంపి, ఆ ప్రాంతం గుండా పోయే తంతువులను చెడగొట్టకుండా చూస్తే, కోతులు తిరగబడ్డ నియమాన్ని చక్కగా నేర్చుకున్నాయి. అంతకుముందు 1970ల నాటి ప్రయోగాలలో ఆ భాగాన్ని పీల్చి తీసేసేవారు, అలా చేస్తే కింద నడిచే తంతువులు కూడా తెగుతాయి. మరి దశాబ్దాలుగా మనం చెప్పుకుంటున్నది ఆ వల్కలం పనేనా, దాని కింద నుంచి పోయే దారుల పనేనా?

ఎలుకలబోను:

మకాక్‌ల విషయంలో మీ అభ్యంతరం గట్టిదే. అయితే అది నేను చెప్పిన మార్మోసెట్ల ఫలితాన్ని కొట్టేయదు. డియాస్ బృందం కూడా భాగాన్ని పీల్చి తీసేయలేదు, తంతువులను చాలావరకు వదిలి కణాలను చంపే క్వినోలినిక్ ఆమ్లాన్నే వాడింది. ఒకే పద్ధతితో రెండు రకాల కోతులు రెండు రకాల జవాబులిచ్చాయి. దీనికి కారణం జాతి కావచ్చు, దెబ్బతిన్న భాగపు హద్దులు కావచ్చు, ప్రయోగానికి ముందు ఆ కోతులకు ఉన్న అనుభవం కావచ్చు.

రూడ్‌బెక్ పత్రంలో అంతగా ఎవరూ చెప్పుకోని సగం నాకు ముఖ్యంగా తోస్తుంది. ఆ కోతులు తిరగబడ్డ నియమంలో నెగ్గాయి గాని, ఒక రకం మేత కడుపునిండా తిన్నాక ఆ మేత దొరికే గుర్తును వదిలి రెండో గుర్తును ఎంచుకోవడంలో విఫలమయ్యాయి. నాకు ఇప్పుడు ఏది కావాలి అన్నది ఒక లెక్క, ఇప్పుడు ఏది దొరికే అవకాశం ఎక్కువ అన్నది మరో లెక్క. 2017లో అదే బృందం ఈ రెండో లెక్కను ఆ పక్కనే కింది వైపున ఉన్న వెంట్రోలేటరల్ వల్కలానికి అప్పగించింది. అందుచేత 'అనువుగా నేర్చుకోవడం' అని ఒకే పేరుతో పిలిచే సామర్థ్యం మెదడులో ఒకచోట లేదు. కనీసం మూడు చోట్ల, మూడు వేర్వేరు పనులుగా ఉంది.

నిర్వాహకుడు:

పిల్లలు ఫోన్లు చూడటం గురించిన మూడు వ్యాఖ్యలను వేరే శీర్షిక కిందికి మార్చాను. ఇక్కడ జంతువుల మెదళ్ల మీది చర్చనే కొనసాగించగలరు.

తేనెపట్టు:

ముందరి వల్కలం, ఆర్బిటోఫ్రంటల్ వల్కలం అంటూ మాట్లాడుతున్నప్పుడు తేనెటీగ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. దాని మెదడులో మొత్తం కలిపి పది లక్షల లోపే నాడీకణాలున్నాయి, వల్కలమన్నదే లేదు. ఈగను ఒక సన్నని గొట్టంలో తల మాత్రమే బయటకు ఉండేలా బిగించి, ఒక వాసన వదిలి వెంటనే మీసాలకు చక్కెర నీళ్లు తగిలిస్తారు; కొన్ని సార్లకే ఆ వాసన రాగానే చక్కెర రాకముందే తొండం చాస్తుంది. రెండు వాసనలలో ఒకదానికే చక్కెర అని నేర్పి, తరువాత తిరగేస్తే అది కూడా నేర్చుకుంటుంది. 2007లో డెవో తదితరులు మెదడులోని పుట్టగొడుగు కాయాలు అనే జంట భాగాలను ప్రొకెయిన్‌తో తాత్కాలికంగా మొద్దుబార్చగా, రెండు వాసనల మధ్య తేడా నేర్చుకోవడం దెబ్బతినలేదు, తిరగబడ్డ నియమం నేర్చుకోవడం మాత్రం దెబ్బతింది. కొత్తగా నేర్వడం వేరు, నేర్చినదాన్ని మార్చుకోవడం వేరు అన్న విడదీత వల్కలంతో పుట్టినది కాదన్నమాట.

అవధానం విషయంలోనూ అంతే. తూనీగ మెదడులో చిన్న వస్తువులను వెంబడించే ఒక నాడీకణం ఉంది. దాని ముందు రెండు చుక్కలను ఒకేసారి కదిలిస్తే, రెండింటికీ మధ్యస్థంగా స్పందించకుండా, ఒకదాన్ని ఎంచుకుని రెండోది అసలు లేనట్టే స్పందిస్తుందని వీడర్‌మన్, ఓకారల్ 2013లో చూపించారు. దోమల గుంపులో ఒక్క దోమను పట్టుకోవాలంటే అదే కావాలి మరి.

సందేహాలమూట:

తూనీగలోని ఆ ఎంపికకూ కోతి అవధానానికీ ఒకే మాట వాడటం నాకు ఇబ్బందిగానే ఉంది. అయితే కోతుల దగ్గర కూడా వల్కలమే అంతా చేస్తుందనుకోవడానికి వీలు లేదని ఒప్పుకోవాలి. 2012లో జెనోన్, క్రౌజ్లిస్ మధ్యమెదడులోని సుపీరియర్ కొలిక్యులస్‌ను తాత్కాలికంగా మొద్దుబార్చగా, చూడమన్న చోటును వదిలి కోతులు తప్పుచేశాయి. వింత ఏమిటంటే, వల్కలంలోని కణాలు మాత్రం చూడమన్న చోటుకు మామూలుగానే బలంగా స్పందిస్తూ ఉన్నాయి. వల్కలంలో అవధానపు గుర్తు కనిపించినంత మాత్రాన జంతువు దృష్టి పెట్టిందని చెప్పలేమని ఆ ఒక్క ప్రయోగం తేల్చేసింది. ఆ కొలిక్యులస్ రాత్రిపిట్ట గారి టెక్టమ్‌కు క్షీరదాలలో సాటివచ్చే భాగమే.

రసాయనశాల:

గడియ తీసేదెవరన్న దానిమీద నేను కొంత కలుపుతాను. మెదడుకాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కేంద్రం ఉంది, ఎలుకలో ఒక్కో వైపు వెయ్యిన్నర కణాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే. అయినా వల్కలమంతటికీ నారడ్రెనలిన్ అనే రసాయనాన్ని పంచేది ఇదే. 1997లో ఆస్టన్-జోన్స్ బృందం, అరుదుగా కనిపించే ఒక గుర్తుకు స్పందించమని నేర్పిన కోతులలో ఈ కణాలను కొలిచింది. అవి ఆ గుర్తుకే స్పందించేవి, తక్కినవాటికి కాదు. తరువాత ఏది సరైన గుర్తో తారుమారు చేయగా కణాల స్పందన కూడా మారింది, అదీ కోతి చేతల్లో మార్పు కనిపించడానికి ముందే.

ఇక్కడ రెండు రసాయనాలను కలిపేయకూడదు. ఎలుకలలో ముందరి వల్కలానికి వచ్చే నారడ్రెనలిన్ తంతువులను తీసేస్తే ఎలుకలబోను గారు చెప్పిన గిన్నెల పరీక్షలో ధోరణి మార్చుకోవడం చెడుతుంది. అదే ప్రాంతానికి వచ్చే ఎసిటైల్‌కోలిన్ తంతువులను తీసేస్తే అది చెడదు. ఎసిటైల్‌కోలిన్ లోటు మరో పరీక్షలో బయటపడుతుంది: అర్ధగోళంలా వంగిన గోడలోని ఐదు రంధ్రాలలో ఏదో ఒకదానిలో అర సెకను పాటు వెలిగే దీపాన్ని కనిపెట్టి అక్కడ ముక్కు పెట్టవలసిన పరీక్ష అది. చాలాసేపు కనిపెట్టుకుని ఉండటానికి ఒక రసాయనం, కనిపెట్టే ధోరణినే మార్చుకోవడానికి మరొకటి అన్న స్థూలమైన విభజన ఇంతవరకు నిలబడింది.

గోదారిగట్టు:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. తరగతిలో చెప్పేటప్పుడు నాకు ఒక చిక్కు మిగిలింది. నియమం తిరగబడ్డాక జంతువు తప్పు చేస్తోందంటే, పాత మంచి గుర్తును వదలలేకపోవడం వల్ల కావచ్చు. పాత చెడ్డ గుర్తు దగ్గరకు వెళ్లడానికి జంకడం వల్ల కూడా కావచ్చు. లెక్కపెట్టే తప్పులు రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి కదా, వాటిని విడదీసేదెలా?

ఎలుకలబోను:

దానికి ఒక చక్కని ఉపాయం ఉంది. నియమం తిరగేసేటప్పుడు రెండు గుర్తులనూ ఉంచకుండా ఒకదాన్ని మార్చేస్తారు. పాత మంచి గుర్తును ఉంచి, ఇప్పుడు మేత దొరికే స్థానంలో జంతువు ఎన్నడూ చూడని కొత్త గుర్తును పెడతారనుకోండి. అప్పుడు కూడా జంతువు పాతదాన్నే పట్టుకుంటే, అది వదలలేకపోవడమే, ఎందుకంటే కొత్త గుర్తు మీద దానికి భయమూ అయిష్టమూ లేవు. రెండో రకంలో పాత చెడ్డ గుర్తును ఉంచి దాని దగ్గర మేత పెడతారు, పాత మంచి గుర్తు స్థానంలో కొత్తదాన్ని పెడతారు. అప్పుడు తడబడితే అది జంకు. మార్మోసెట్ల ముందరి వల్కలంలో సెరొటోనిన్ అనే మరో రసాయనాన్ని తగ్గించినప్పుడు నియమం తిరగబడితే కోతులు పాతదాన్నే పట్టుకుని ఉండిపోయాయని 2004లో క్లార్క్ తదితరులు చెప్పారు. తరువాత ఇటువంటి మార్పిడితో చూసినప్పుడు, ఆ లోపం పాత మంచి గుర్తును వదలలేకపోవడమేనని తేలింది. తరగతిలో ఈ రెండు అమరికలనూ బొమ్మలుగా గీసి పక్కపక్కన చూపించండి, ఏ తప్పు ఎక్కడ లెక్కలోకి వస్తుందో పిల్లలే చెప్పేస్తారు.